ఐదో నియమం

మొన్నొక ఆదివారం మా అక్కావాళ్ళింటికి వెళ్ళేసరికి మా మేనల్లుడు తెల్ల డ్రెస్సేసుకుని, నడుముకి పసుప్పచ్చ బెల్టు కట్టుకుని హాల్లో సోఫాని ఎడాపెడా తన్నేస్తున్నాడు. టైక్వాండో క్లాసులో చేర్పించారట. వాడికి తొమ్మిదేళ్ళు. బెల్టు పరీక్షకి బట్టీ పట్టమని వాళ్ళ మాస్టారు ఓ కాయితం ఇచ్చారు. దాంట్లో ప్రాచీన కొరియా యోధుల నియమాలని చెప్పి ఐదు ఉన్నాయి. రాజుకి విధేయుడిగా ఉండాలి, అమ్మానాన్నల మీద భక్తి ఉండాలి, స్నేహితుల దగ్గర మాట తప్పకూడదు, యుద్ధంలో వెన్ను చూపకూడదు, అన్యాయంగా ప్రాణం తియ్యకూడదు.

మొదటి నాలుగూ గడగడా అప్పజెప్పేసి ఐదోదాని దగ్గర ఆగాడు. "మామయ్యా, అన్యాయంగా చంపకూడదంటే న్యాయంగా అయితే చంపొచ్చా? దోమని చంపితే ఏ లెక్కలోకొస్తుంది?" అన్నాడు.

"నన్నడుగుతావేంట్రా, మీ మాస్టార్ని అడుగు" అని తప్పించుకున్నా. కానీ ఇంటికొచ్చాక ఆ ప్రశ్న వదల్లేదు. సరే చూద్దామని మొదలుపెడితే ఓ వారం రాత్రులు దానికే పోయాయి. తీరా చూస్తే తేలిందేమిటంటే, మావాడు అడిగిన ప్రశ్ననే పద్నాలుగొందల ఏళ్ళ క్రితం ఇద్దరు కుర్రాళ్ళు అడిగారు. దానికి వాళ్ళకి జవాబు కూడా దొరికింది. మావాడి కాయితంలో నియమం ఉంది గానీ ఆ జవాబు లేదు. నా బాధల్లా దాని గురించే.

కథ కాస్త పెద్దది. ఓపిగ్గా చదవండి.

అప్పట్లో కొరియా ఒక్క దేశం కాదు. ఉత్తరాన గోగుర్యో, నైరుతిలో బెక్జే, ఆగ్నేయంలో సిల్లా అని మూడు రాజ్యాలు, ఎప్పుడూ ఒకదాన్నొకటి పీక్కుతింటూ ఉండేవి. మూడింట్లో వెనకబడింది సిల్లా. రాజధాని ఇప్పటి గ్యోంగ్జు. బౌద్ధం కూడా మిగతా ఇద్దరికంటే ఆలస్యంగా, 527 ప్రాంతంలో గానీ అక్కడ రాజు ఆమోదం పొందలేదు. అలాంటి రాజ్యమే చివరికి మిగతా రెండింటినీ మింగేసింది. ఎలాగయ్యా అంటే అందరూ చెప్పే జవాబుల్లో ఒకటి "హ్వారాంగ్". ఆ మాటకి అర్థం పూల కుర్రాళ్ళు. యోధులకి ఇదేం పేరని మీకూ అనిపిస్తోందా? నాకూ అలాగే అనిపించింది.

వీళ్ళ గురించి మనకి తెలిసిందంతా ముఖ్యంగా రెండు పుస్తకాల నుంచి. ఒకటి 1145లో కిమ్ బూసిక్ అనే మంత్రిగారు రాజాజ్ఞ మీద రాయించిన 'సమ్‌గుక్ సాగి'. రెండోది 13వ శతాబ్దం చివర్లో ఇర్యొన్ అనే భిక్షువు కూర్చిన 'సమ్‌గుక్ యూసా'. అంటే జరిగిన ఐదారు వందల ఏళ్ళకి రాసినవన్నమాట. అంతకుముందు 8వ శతాబ్దంలో కిమ్ దేమున్ అనే ఆయన హ్వారాంగ్‌ల చరిత్ర ప్రత్యేకంగా రాశాడు గానీ ఆ పుస్తకం పోయింది. 1989లో దాని రాతప్రతి అంటూ ఒకటి బయటికొచ్చింది కానీ అది అసలా నకిలీనా అని పండితులు కొట్టుకుంటున్నారు. మనం దాని జోలికి పోవద్దు.

'సమ్‌గుక్ సాగి' చెప్పే పుట్టుకథే విచిత్రంగా ఉంటుంది. జిన్‌హుంగ్ రాజు (540-576) కాలంలో కొలువులోకి మంచివాళ్ళని ఎంచుకోవడం ఎలా అన్న సమస్య వచ్చింది. కుర్రాళ్ళని ఓ చోట కలవనిచ్చి, ఎవరెలాంటివాడో గమనించి తీసుకుందామనుకున్నారు. అలా పోగైనవాళ్ళకి నాయకులుగా ముందు పెట్టింది ఇద్దరు అందమైన అమ్మాయిల్ని. పేర్లు నమ్మో, జున్‌జోంగ్. వాళ్ళిద్దరికీ పడలేదు. జున్‌జోంగ్ రెండో అమ్మాయిని ఇంటికి పిలిచి, బాగా తాగించి, ఏట్లోకి తోసేసింది. సంగతి బయటపడి ఆమెకి మరణశిక్ష వేశారు. గుంపు చెదిరిపోయింది. ఆ తర్వాత అమ్మాయిల బదులు పెద్దింటి అందగాళ్ళని ఎంచి, అలంకరించి, వాళ్ళకి హ్వారాంగ్ అని పేరు పెట్టారట. ఒక్కో హ్వారాంగ్ వెనక వందల మంది అనుచరులు. ఇది 576 నాటి ముచ్చట అని పుస్తకం అంటుంది. కానీ అదే పుస్తకం 562లో దేగాయా మీద యుద్ధానికి వెళ్ళిన సదహమ్ అనే పదిహేను, పదహారేళ్ళ హ్వారాంగ్ గురించి కూడా చెబుతుంది! కాబట్టి 576 అన్నది పుట్టిన తేదీ కాదు, అప్పటికే ఉన్నదాన్ని దర్బారు రిజిస్టర్లోకి ఎక్కించిన తేదీ అనుకుంటే సరిపోతుంది.

ఇంతకీ వీళ్ళకి ఏం నేర్పేవారు? నేనైతే కత్తిసాము, విలువిద్య, కొండలెక్కించడం, చన్నీళ్ళలో ముంచడం లాంటివి ఉంటాయనుకున్నా. ఆ పాత పుస్తకాల్లో ఉన్నది వేరు. ఒకరి నడవడిక ఒకరు దిద్దుకునేవారు, కలిసి పాటలు పాడుకునేవారు, కొండలూ ఏళ్ళూ వెతుక్కుంటూ ఎంత దూరమైనా వెళ్ళేవారు. అంతే. అలా తిరిగేటప్పుడు ఎవడు మంచివాడో, ఎవడు కాదో తెలిసిపోయేది, మంచివాళ్ళని కొలువుకి సిఫార్సు చేసేవారు. ఉల్సాన్ దగ్గర చియోన్‌జోన్-రి అనే చోట ఏటిపక్క పెద్ద బండ మీద, ఆదిమానవులు చెక్కిన బొమ్మల కిందే, అలా తిరుగుతూ వచ్చిన హ్వారాంగ్‌ల పేర్లు చెక్కి ఉన్నాయి. పిక్నిక్కి పోయి గోడల మీద పేర్లు చెక్కే అలవాటు మనవాళ్ళకే ఉందనుకునేవాణ్ణి! 2025లో ఆ ఏటి వెంబడి ఉన్న రాతిచెక్కడాలకి యునెస్కో వారసత్వ హోదా కూడా వచ్చింది.

చదువు సంగతికొస్తే ఒక చిన్న రాయి ఉంది. 1934లో గ్యోంగ్జు దగ్గర దొరికింది. పొడవు ఓ అడుగు. దాని మీద ఇద్దరు కుర్రాళ్ళ ఒట్టు చెక్కి ఉంది. మూడేళ్ళ పాటు తప్పులేకుండా విధేయత మార్గంలో నడుస్తామని, కవిత్వ గ్రంథం, ఆచారాల గ్రంథం లాంటి చైనా శాస్త్రాలు మూడేళ్ళలో నేర్చుకుంటామని ఆకాశం సాక్షిగా ప్రమాణం. సంవత్సరం పేరు మాత్రమే వేశారు. మన ప్రభవ, విభవల్లాగే వాళ్ళదీ అరవై ఏళ్ళ చక్రం కాబట్టి అది 552 అన్నా కావచ్చు, 612 అన్నా కావచ్చు. నాకు బాగా నచ్చిందేమిటంటే, రాసింది చైనా అక్షరాల్లో గానీ మాటలు పేర్చింది కొరియా వరసలో. అంటే క్రియని చివర పెట్టే వరస, అచ్చం మన తెలుగులాగే. ఇంగ్లీషు మాటలన్నీ ఏరుకొచ్చి తెలుగు వాక్యంలా పేర్చినట్టు ఉంటుంది. వాళ్ళ పేర్లు లేవు, వాళ్ళు హ్వారాంగ్‌లని కూడా రాయి చెప్పదు. కానీ ఆ కాలపు కుర్రాళ్ళకి కత్తితో పాటు పుస్తకం కూడా ముఖ్యమని ఆ రాయి చూస్తే తెలుస్తుంది.

ఇంకో కథ 'సమ్‌గుక్ యూసా'లోది. జుక్జీ అనే హ్వారాంగ్ దగ్గర దుగో అనే అనుచరుడు ఉండేవాడు. అతను పదిరోజులు కనబడకపోతే జుక్జీ వాకబు చేశాడు. పైఅధికారి ఒకడు దుగోని తన కోటలో గోదాం కాపలాకి పట్టుకుపోయాడని తెలిసింది. జుక్జీ రొట్టెలూ, సారా పట్టించుకుని, 137 మంది అనుచరుల్ని వెంటేసుకుని అక్కడికి వెళ్ళాడు. పొలంలో పనిచేస్తున్న దుగోకి తినిపించి, అతనికి సెలవిప్పించమని ఆ అధికారిని బతిమాలాడు. వాడు ససేమిరా అన్నాడు. చివరికి దారినపోయే ఇంకో ఉద్యోగి జుక్జీ మంచితనం చూసి కరిగిపోయి ముప్ఫై బస్తాల ధాన్యం లంచంగా ఇస్తానన్నా ఒప్పుకోలేదు, పైన ఒక గుర్రపు జీను కూడా ఇస్తే గానీ వదల్లేదు. నా టీమ్‌లో కుర్రాడి సెలవు కోసం ఇంత దూరం వెళ్ళే లీడ్‌ని నేనింతవరకూ చూళ్ళేదు, నేనూ వెళ్ళలేదు. తర్వాత దుగో జుక్జీ మీద రాసిన పాట ఇప్పటికీ నిలిచి ఉంది.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. ఆ ఐదు నియమాలు ఎవరు చెప్పారు, ఎవరికి చెప్పారు?

చెప్పింది వొన్‌గ్వాంగ్ అనే బౌద్ధ భిక్షువు. చైనాలో చదువుకుని 600లో తిరిగొచ్చాడు. ఆయన దగ్గరికి గ్విసాన్, చుహాంగ్ అని ఇద్దరు స్నేహితులు వెళ్ళారు. పెద్దలతో కలిసి తిరగాలంటే ముందు మన మనసూ నడతా బాగుండాలి, లేకపోతే పరువు పోతుంది అని వాళ్ళలో వాళ్ళనుకుని, జీవితాంతం పట్టుకునే మాటేదైనా చెప్పమని ఆయన్నడిగారు. ఆయన ఏమన్నాడంటే, బౌద్ధంలో బోధిసత్వ శీలాలని పది ఉన్నాయి, కానీ మీరు ఒక రాజుకి సేవకులు, ఒక తండ్రికి కొడుకులు, అవి మీవల్ల కాదు, లోకంలో బతికేవాళ్ళకి ఐదు చెబుతా వినండి అన్నాడు. అవే మా మేనల్లుడి కాయితంలోవి. కొరియా చరిత్రలో వాటి పేరు కూడా 'లౌకికులకు ఐదు శీలాలు' అనే అర్థంలోనే ఉంది.

ఇక్కడ రెండు విషయాలు గమనించండి. ఒకటి, గ్విసాన్, చుహాంగ్ హ్వారాంగ్‌లని 'సమ్‌గుక్ సాగి' ఎక్కడా చెప్పదు. ఇవి హ్వారాంగ్ వ్యవస్థ కోసం రాసిన రూలు పుస్తకం కాదు, తలుపు తట్టి అడిగిన ఇద్దరు కుర్రాళ్ళకి ఒక గురువు చెప్పిన మాటలు. రెండు, ఐదోదాని అసలు మాట "అన్యాయంగా చంపకు" అని కాదు. చంపాల్సొస్తే ఎంచి చంపు, విచక్షణ చూపించు అని.

అది వినగానే వాళ్ళిద్దరూ మావాడిలాగే ఆగారు. మిగతా నాలుగూ అర్థమయ్యాయి, ఈ ఒక్కటే అర్థం కాలేదు అన్నారు.

ఆయన చెప్పిన వివరణ ఇది. నెలలో ఆరు ఉపవాస దినాల్లో చంపొద్దు, వసంతంలో, ఎండాకాలంలో చంపొద్దు. అది కాలాన్ని ఎంచడం. పెంపుడు జీవాల్ని చంపొద్దు, అంటే గుర్రం, ఎద్దు, కోడి, కుక్క. ఒక ముద్దకి కూడా చాలనంత చిన్న ప్రాణుల్ని చంపొద్దు. అది ప్రాణిని ఎంచడం. ఇవన్నీ పోగా మిగిలినదాంట్లో కూడా అవసరమైనంతే, ఎక్కువ వద్దు.

ఆ ఆరు ఉపవాస దినాలు ఏవో తెలుసా? చాంద్రమాసంలో 8, 14, 15, 23, 29, 30. లెక్కేసి చూడండి: శుద్ధ అష్టమి, చతుర్దశి, పౌర్ణమి, బహుళ అష్టమి, చతుర్దశి, అమావాస్య. మన పంచాంగమే! బౌద్ధంతో పాటు మన తిథులు కూడా చైనా మీదుగా నడుచుకుంటూ సిల్లా దాకా వెళ్ళాయన్నమాట. మా అమ్మమ్మ కూడా పౌర్ణమికీ అమావాస్యకీ కోడిని కోయనిచ్చేది కాదు. వొన్‌గ్వాంగ్ గారు మా ఇంటికి భోజనానికి వస్తే ఆవిడతో బానే పొసిగేది.

ప్రోగ్రాములు రాసేవాడిగా నాకు కనబడిన తేడా ఇది. మొదటి నాలుగు నియమాలకీ షరతుల్లేవు. విధేయుడిగా ఉండు, వెనక్కి తగ్గకు, అంతే. ఐదోది మాత్రం ప్రతిసారీ ఆగి చూసుకోమంటుంది. ఇవాళ ఏ రోజు? ఎదురుగా ఉన్నదేమిటి? ఎంత కావాలి? నాలుగింటిని బట్టీ పట్టొచ్చు, ఐదోదాన్ని పట్టలేం. అందుకే దాని దగ్గరే ప్రశ్న పుట్టింది.

తర్వాతేమైంది? 602లో బెక్జే వాళ్ళతో అమాక్ కోట దగ్గర యుద్ధం. గెలిచి తిరిగొస్తున్న సిల్లా సైన్యం మీద పొంచి ఉన్నవాళ్ళు విరుచుకుపడ్డారు. వెనక కాపుగా వస్తున్న గ్విసాన్ తండ్రిని గుర్రం మీంచి లాగి పడేశారు. సైనికుడు వెనక్కి తగ్గకూడదని మా గురువు చెప్పారంటూ గ్విసాన్ దూకాడు, తన గుర్రం తండ్రికిచ్చి పంపేశాడు, చుహాంగ్‌తో కలిసి పోరాడాడు. అది చూసి మిగతా సైన్యం రెచ్చిపోయి గెలిచింది. ఒళ్ళంతా గాయాలతో స్నేహితులిద్దరూ ఇంటికొచ్చే దారిలోనే పోయారు. రాజు ఎదురెళ్ళి ఏడ్చాడట. గురువు దేశానికి తిరిగొచ్చి అప్పటికి రెండేళ్ళే! విధేయత, తండ్రి, స్నేహం, వెన్ను చూపకపోవడం - నాలుగూ ఒకే పూట పాటించేశారు. వాళ్ళు నిలదీసి అడిగి తెలుసుకున్న ఐదోదాన్ని పాటించడానికి మాత్రం టైమ్ దొరకలేదు.

గురువుగారి పరిస్థితీ అంతే. 608లో గోగుర్యో బెడద పడలేక సిల్లా రాజు చైనా సూయీ చక్రవర్తిని సైన్యం పంపమని అడగాలనుకున్నాడు. ఉత్తరం రాయమని వొన్‌గ్వాంగ్‌నే అడిగాడు. మనం బతకడానికి ఇంకొకరిని నాశనం చెయ్యమనడం భిక్షువు చెయ్యాల్సిన పని కాదు, కానీ నేనుండేది మీ నేల మీద, తినేది మీ తిండి, కాదని ఎలా అనగలను అన్నాడాయన. అని, ఉత్తరం రాసిచ్చాడు. నేను ఈ ఒక్క చోట చాలాసేపు ఆగిపోయా. మొదటి నియమానికీ ఐదోదానికీ పోటీ వస్తే ఏది గెలుస్తుందో ఆ నియమాలు చెప్పినాయనే చూపించాడు. తప్పని తెలిసి, ఆ మాట నోటితో చెప్పి, జీతమిచ్చేవాడి కోసం చేసిపెట్టడం. మనలో ఎంతమందికి ఇది కొత్త? కాకపోతే ఆయన కనీసం చెప్పి చేశాడు.

ఇంక 660. సిల్లా యాభై వేల మందితో బెక్జే మీదికి వెళ్ళింది. హ్వాంగ్‌సాన్ మైదానంలో గ్యేబెక్ అనే సేనాపతి ఐదు వేల మందితో అడ్డం నిలబడ్డాడు. సిల్లా నాలుగుసార్లు ఢీకొట్టి నాలుగుసార్లూ ఓడింది. అప్పుడు సిల్లా సేనానులు వాళ్ళ సొంత కొడుకుల్ని పిలిచారు. పుమిల్ అనే ఆయన కొడుకు గ్వాన్‌చాంగ్, హ్వారాంగ్, వయసు పదహారు. ఒక్కడే గుర్రమెక్కి శత్రువుల్లోకి వెళ్ళి పట్టుబడ్డాడు. గ్యేబెక్ అతని శిరస్త్రాణం తీయించి చూశాడు. మీసాలు కూడా రాని పిల్లాడు. చంపడానికి చేతులు రాక వెనక్కి పంపేశాడు. ఆ పిల్లాడు వచ్చి, శత్రువు జెండా లాక్కురాలేకపోయానని బాధపడి, బావిలో నీళ్ళు దోసిలితో తాగి మళ్ళీ వెళ్ళాడు. ఈసారి గ్యేబెక్ తల నరికించి గుర్రపు జీనుకి కట్టి పంపాడు. తండ్రి ఆ తల చేతిలోకి తీసుకుని చొక్కా చేతితో రక్తం తుడిచాడు. సైన్యం కోపంతో ఊగిపోయింది, యుద్ధం గెలిచింది. ఆ ఏడే బెక్జే పోయింది.

హ్వారాంగ్ వీరగాథలన్నిట్లోకీ పేరున్నది ఇదే. నాకు మాత్రం ఆ శిరస్త్రాణం తీసిన క్షణం దగ్గరే మనసు ఆగిపోయింది. ఆగి, ఎదురుగా ఉన్నదెవరో చూసి, చంపకుండా వదిలినవాడు ఆ మైదానంలో ఒక్కడే. వాడు సిల్లా వాడు కాదు, శత్రువు. ఆయన్నేమీ దేవుణ్ణి చెయ్యక్కర్లేదు. ఓడిపోతే బానిసలవుతారని పెళ్ళాం బిడ్డల్ని తన చేతులతోనే చంపి యుద్ధానికి వచ్చినవాడు ఆయన. అయినా ఐదో నియమం ఎలా ఉంటుందో చూడాలంటే నాకు దొరికిన ఉదాహరణ అదే. దాన్ని నాలుగో నియమం ఎలా ఓడించిందో కూడా అక్కడే ఉంది. వదిలేసిన పిల్లాడికి బతకడం తెలీదు, ఎందుకంటే అతనికి అది ఎవరూ నేర్పలేదు.

బతికొస్తే ఏమవుతుందో కూడా ఒక కథ ఉంది. సిల్లా మహా సేనాపతి కిమ్ యూసిన్, తను కూడా పదిహేనేళ్ళకే హ్వారాంగ్ అయినవాడు. ఆయన కొడుకు వొన్‌సుల్ 672లో చైనా టాంగ్ సైన్యంతో యుద్ధంలో ఓడిపోతూ, చచ్చేదాకా పోరాడతానని గుర్రాన్ని ముందుకి దూకించబోతే, అతని సహాయకుడు పగ్గాలు పట్టుకుని ఆపేశాడు. ప్రాణంతో తిరిగొచ్చాడు. తండ్రి రాజు దగ్గరికి వెళ్ళి, వీడికి మరణశిక్ష వెయ్యండి అన్నాడు. రాజు క్షమించాడు గానీ తండ్రి క్షమించలేదు. మరుసటేడు తండ్రి పోయాక తల్లిని చూడటానికి వెళితే, తండ్రికి కొడుకు కానివాడు నాకూ కొడుకు కాడని ఆవిడ మొహం చూపించలేదు. 675లో మెసో కోట యుద్ధంలో ప్రాణాలకి తెగించి పోరాడి పేరు తెచ్చుకున్నాడు. అయినా ఆ సిగ్గు పోక, జన్మలో ఉద్యోగం చెయ్యలేదు.

సిల్లా ఉన్నంతకాలం హ్వారాంగ్‌లు ఉన్నారు. తర్వాత మెల్లగా ఆ మాటకే అర్థం మారిపోయి, జోసోన్ కాలం వచ్చేసరికి ఆటపాటలవాళ్ళనీ, పూనకాలొచ్చే గణాచారుల్లాంటి మగవాళ్ళనీ చిన్నచూపుతో పిలిచే మాటగా మిగిలింది. మళ్ళీ పైకి లేచింది 20వ శతాబ్దంలోనే. దేశం విడిపోయి యుద్ధంలోకి జారుతున్న రోజుల్లో దక్షిణ కొరియాకి ఒక వీర సంప్రదాయం కావలసొచ్చింది. సైన్యంలో పతకానికి హ్వారాంగ్ పేరు, సైనిక అకాడమీ ప్రాంగణానికి హ్వారాంగ్ పేరు. టైక్వాండోకి ఆ పేరు తెచ్చిన సేనాని చోయ్ హాంగ్ హీ పద్ధతిలో 'హ్వా-రాంగ్' అనే వరసలో 29 కదలికలు ఉంటాయి, అది ఆయన 29వ పదాతి డివిజన్ గుర్తు. అదే పద్ధతిలో యూసిన్ పేర 68 కదలికలు, గ్యేబెక్ పేర 44 కదలికలు. చంపుకున్న రెండు పక్షాలూ ఒకే సిలబస్‌లో సర్దుకున్నాయి! కొరియాలో ఉండిన రిచర్డ్ రట్ అనే మతాచార్యుడు 1961లోనే ఒక వ్యాసం రాసి, పాత ఆధారాల్లో పాటలూ, కొండలూ, మైత్రేయ భక్తీ ఉంటే మనం కత్తులే చూస్తున్నామని ఎత్తిచూపించాడు.

అలాగని సైన్యంవాళ్ళు అబద్ధం కల్పించారని నేననడం లేదు. గ్వాన్‌చాంగ్ ఉన్నాడు, గ్విసాన్ ఉన్నాడు. నా గొడవల్లా ఏరుకోవడం గురించి. రాజ్యానికి పనికొచ్చేవి మొదటి నాలుగు. ఐదోది రాజ్యానికి ఇబ్బంది, ఎందుకంటే అది సైనికుణ్ణి ఆగి చూడమంటుంది. అందుకని దాన్ని తీసెయ్యలేదు, "అన్యాయంగా చంపకు" అని నున్నగా చెక్కేశారు. ఏది న్యాయమో పైవాడు చెబుతాడు కాబట్టి ఇంక అడగడానికి ఏమీ మిగల్లేదు. వెనక ఉన్న ఆ ఇద్దరు కుర్రాళ్ళ ప్రశ్న, గురువు ఓపిగ్గా చెప్పిన జవాబు, రెండూ రాలిపోయాయి.

మొన్న మళ్ళీ వెళ్ళినప్పుడు మావాణ్ణి కూర్చోబెట్టి గ్విసాన్, చుహాంగ్ కథ చెప్పా. నీలాగే వాళ్ళకీ ఐదోది అర్థం కాలేదురా, వెళ్ళి గురువుగార్నే అడిగారు, ఆయన కోప్పడలేదు అన్నా. వాడు ఆ జవాబంతా విని కాసేపు ఆలోచించి, "అయితే దోమని చంపకూడదు మామయ్యా. ముద్దకి కూడా రాదు కదా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి మా అక్క దోమల బ్యాట్ తీసినప్పుడు మాత్రం వాడు నా వైపు చూశాడు. ఆ రోజు తిథి ఏమిటో నేను క్యాలెండర్ చూశా.

అష్టమి!